చేపల గట్టుకు మార్కులెవరు వేస్తారు?

ఆనకట్టల భద్రత చట్టం 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం దేశంలోని ప్రతి పెద్ద ఆనకట్టనూ దాని యజమాని అయిదేళ్ళ లోపల నిపుణులచేత సమగ్రంగా పరీక్ష చేయించాలి. కట్ట తెగితే దిగువ వూళ్ళవాళ్ళకు ఎవరు కబురు చెయ్యాలో, వాళ్ళు ఎటు పోవాలో తెలిపే పథకాన్ని కూడా ఆలోపే తయారు చెయ్యాలి. అంటే 2026 డిసెంబరు 30 గడువన్నమాట. ఈ గడువు సంగతి సాగునీటి శాఖ ఇంజనీర్లకు తెలుసు, ఫైళ్ళకు తెలుసు. దెందులూరు, ఏలూరు, కైకలూరు ప్రాంతాల్లో చేపల చెరువు గట్టుమీద పాక వేసుకుని రాత్రింబవళ్ళు కాపలా కాసే కూలీ అడిగేది మాత్రం ఒక్కటే: నేను పడుకునే ఈ గట్టు ఆ లెక్కలో వుందా? గట్టు పక్కన నాలుగెకరాలు కౌలుకు చేసుకునే రైతు అడిగేదీ అదే.

లేదు. ఎందుకు లేదో, లేకపోతే మనకొచ్చే నష్టమేమిటో ఈసారి చూద్దాం.

చట్టం మొదట కర్ర పట్టుకుని ఎత్తు కొలుస్తుంది. 15 మీటర్లు దాటితే, అంటే ఎదిగిన తాటిచెట్టంత ఎత్తుంటే, అది లెక్కలోకి వస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య వుంటే మరికొన్ని షరతులున్నాయి. కట్ట పొడవు 500 మీటర్లకు తక్కువ కాకూడదు, లేదా పది లక్షల ఘనపు మీటర్ల నీళ్ళు నిలవాలి, లేదా సెకనుకు 2000 ఘనపు మీటర్ల వరద దాటిపోయేట్టు వుండాలి. పునాదిలో ప్రత్యేకమైన చిక్కులున్నా, కట్టిన తీరు అసాధారణంగా వున్నా కూడా సరే. వీటిలో ఏదో ఒకటి వుంటేనే ఆ కట్టకు చట్టం కావలి కాస్తుంది. పది మీటర్ల లోపు కట్టలన్నీ బయటే. పైగా ఆనకట్ట అంటే ఏటికి, లేదా దాని ఉపనదికి అడ్డంగా కట్టినదే. కాలువలు, వరద గట్లు, మళ్ళింపు గట్లు ఆనకట్టలు కావని చట్టమే విడమర్చి చెప్పింది. ఇక పొలంలో నాలుగు వైపులా మట్టి ఎత్తిపోసి నీళ్ళు నింపిన చేపల చెరువు సంగతి చెప్పాలా?

ఎత్తు తక్కువైతే ప్రమాదం తక్కువ కదా, చిన్నచిన్న గట్లన్నిటినీ సర్కారు ఎక్కడ చూస్తుంది అని కొందరు పెద్దమనుషులు అంటారు. వినడానికి సబబుగానే వుంటుంది. కాని ఎత్తు కొలిచి ప్రాణాల లెక్క తేల్చవచ్చునా అన్నదే అసలు ప్రశ్న. చిన్న ప్రైవేటు కట్టలకు మన దగ్గర మార్కులు వేసే ఆచారమే లేదు గనుక, ఆ ఆచారం వున్న అమెరికాలో అది ఎలా వచ్చిందో ఒకసారి చూసి వద్దాం.

దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. ఆ తేదీని మన జిల్లాల్లో ఎవరూ మరచిపోరు. దానికి సరిగ్గా పదమూడు రోజుల ముందు, నవంబరు 6న, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టొకోవా అనే వూరి దగ్గర కెల్లీ బార్న్స్ అనే మట్టికట్ట తెగింది. అది సర్కారు ప్రాజెక్టు కాదు, ఒక ప్రైవేటు బైబిలు కళాశాలది. 1957 దాకా దానిమీద కాస్త కరెంటు తీశారు. ఆ పని మానేశాక ఆ చెరువు షికారుకూ విలాసానికీ మిగిలింది. కట్ట ఎత్తు దాదాపు 38 అడుగులు, అంటే పన్నెండు మీటర్ల లోపు. నిలిచిన నీళ్ళు పది లక్షల ఘనపు మీటర్లకు తక్కువే. పెద్ద వాన కురిసిన రాత్రి ఒంటిగంటన్నర వేళ అది తెగి, దిగువన నిద్రపోతున్న విద్యార్థులమీద, సిబ్బంది కుటుంబాలమీద పడింది. 39 మంది చనిపోయారు. వాళ్ళలో 20 మంది పిల్లలు.

ఆ కట్టను మన చట్టం కొలబద్దతో కొలిచి చూడండి. ఎత్తు చాలదు, పొడవు చాలదు, నీళ్ళు చాలవు. 39 ప్రాణాలు తీసిన కట్ట మన పుస్తకంలో పేరు లేని కట్టే అయివుండేది!

తర్వాత విచారణ జరిపిన ఇంజనీర్లు ఒకే కారణమని తేల్చలేకపోయారు. దిగువ వాలు మరీ నిటారుగా వుంది, కట్టలో బుంగ పడివుండవచ్చు, వాలు జారివుండవచ్చు అన్నారు. 1973లో తీసిన ఒక ఫొటోలోనే దిగువ వాలు జారినట్టు కనిపించిందట. అంటే నాలుగేళ్ళ ముందే కట్ట తన జబ్బు చెప్పుకుంది. వినేవాడు లేడు, వినాలన్న చట్టమూ అప్పటికి లేదు. మరుసటి ఏడాది, 1978లో, జార్జియా రాష్ట్రం ఆనకట్టల భద్రతకు చట్టం చేసింది. అమెరికా అధ్యక్షుడు కార్టర్ కూడా జనానికి ప్రమాదం తేగల ప్రైవేటు కట్టలను తనిఖీ చెయ్యాలని ఆదేశించాడు. చట్టాలు ఇలా శవాలు లేచాకనే రావడం ఆ దేశంలోనూ మన దేశంలోనూ వాడుకే.

ఆ దేశంలో కట్టకు రెండు రకాల మార్కులు వేస్తారు. కార్యకర్తలు ఈ రెండింటి తేడా బాగా పట్టుకోవాలి. ఎందుకంటే అధికారులు ఒకదాన్ని అడిగితే రెండోది చెప్పి పంపించగలరు. ఒకటి కట్ట ఆరోగ్యానికి వేసే మార్కు: తృప్తికరం, ఫరవాలేదు, బాగాలేదు, పనికిరాదు. రెండోది కట్ట కింద వున్నవాళ్ళకు సంబంధించినది: తెగితే నష్టం కొద్దిపాటిదా, చెప్పుకోదగ్గదా, మనుషులు చనిపోతారా? ఈ రెండో మార్కుకూ కట్ట బలానికీ సంబంధం లేదు. కట్ట వజ్రంలా వున్నా కింద నాలుగిళ్ళు వుంటే దానిది ఎక్కువ ప్రమాదపు తరగతే. కట్ట పుచ్చిపోయినా కింద ఖాళీ బీడు వుంటే తక్కువ ప్రమాదమే. కట్ట కట్టిన పాతికేళ్ళకు కింద కొత్తగా పేట వెలిస్తే, పారెడు మట్టి కదలకపోయినా దాని తరగతి మారిపోతుంది. ఈ పద్ధతిలో మంచి అదే. అది మట్టినే కాక మనిషిని కూడా లెక్క వేస్తుంది.

మన దగ్గర కూడా పెద్ద ఆనకట్టలకు వానకాలం ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ వుంది. లోపాలనుబట్టి మూడు కేటగిరీలు చేస్తారు. బడిలో ఫస్టు క్లాసంటే సంతోషం. ఇక్కడ మొదటి కేటగిరీ అంటే కట్ట తెగిపోయేంత లోపం అని అర్థం! రెండోది వెంటనే బాగుచెయ్యాల్సిన పెద్ద లోపాలు, మూడోది ఆ ఏడాదిలో సర్దుకోగల చిన్న లోపాలు. ఏ కట్ట ఏ కేటగిరీలో వుందో కింద వూరి పంచాయతీ గోడమీద ఎందుకు రాయరు? రేషను షాపులో సరుకుల ధరలు రాసిన బోర్డు వున్నప్పుడు, నెత్తిమీదున్న నీళ్ళ సంగతి రాసిన బోర్డు వుండకూడదా?

మార్కు వేసినంత మాత్రాన గండం గడిచిందనుకోవడమూ పొరపాటే. మిషిగన్ రాష్ట్రంలో ఈడెన్‌విల్ అనే మట్టికట్ట ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో వుండేది. పైన జలాశయం చుట్టూ కలవారి ఇళ్ళు, పడవలు, చేపల వేట. తెగితే మనుషులు చనిపోయే తరగతి అని దానికి ఎప్పుడో రాశారు. పెద్ద వరద వస్తే దాటించే కలుజు చాలదని, ఎన్నిసార్లు చెప్పినా కంపెనీ పెంచడంలేదని, కేంద్ర సంస్థ 2018లో దాని విద్యుత్ లైసెన్సు రద్దు చేసింది. తర్వాత పర్యవేక్షణ రాష్ట్రానికి వచ్చింది. ఆ ఏడాదే రాష్ట్రం తనిఖీ చేసి కట్ట ‘ఫరవాలేదు’ అని మార్కు వేసింది. 2020 మే 19న అది తెగింది. దిగువనున్న శాన్‌ఫర్డ్ కట్టా తెగింది. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. అక్కడ ఒక్క ప్రాణం పోలేదు. నీళ్ళు రాకముందే పదివేలమందిని ఖాళీ చేయించారు. కట్ట మార్కు తప్పినా, కింద జనం మార్కు అక్కరకు వచ్చింది.

మన అన్నమయ్య ప్రాజెక్టు దగ్గర 2021 నవంబరు 19 తెల్లవారుజామున ఇది జరగలేదు. కడప జిల్లాలో చెయ్యేటి వరద కట్టమీదుగా పొర్లి, మట్టికట్టను వూడ్చుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వూళ్ళు నిద్రలేచేలోగా నీళ్ళపాలయ్యాయి. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర జలశక్తి మంత్రి డిసెంబరులో రాజ్యసభలోనే చెప్పారు. ఆ రోజు సభలో నడుస్తున్నది ఈ భద్రత చట్టంమీద చర్చే! 2024 జూలై 18 రాత్రి అశ్వారావుపేట మండలంలో పెదవాగు కట్టకు గండి పడింది. కట్ట తెలంగాణలో వుంది. మునిగింది మాత్రం ఎక్కువగా మన ఏలూరు జిల్లాలోని వేలేరుపాడు, కుక్కునూరు మండలాల పొలాలు, ఇళ్ళు. గట్టు ఒకరిది, గండి మరొకరిది.

ఇవన్నీ సర్కారు కట్టలు. ప్రైవేటు గట్టు దగ్గరికి వస్తే, ఆ జబ్బుకు మరో జబ్బు తోడవుతుంది. యజమానికి గట్టుతో పని వేరు, గట్టు కిందివాడి ప్రాణంతో పని వేరు. దీనికి చరిత్రలో పెద్ద సాక్ష్యం పెన్సిల్వేనియాలోని సౌత్ ఫోర్క్ ఆనకట్ట. నూట ముప్పై ఏళ్ళు దాటిన కథే అయినా, కొల్లేటి గట్లు తిరిగినవాళ్ళకు కొత్తగా అనిపించదు.

అది మొదట సర్కారు కాలువకోసం కట్టిన 72 అడుగుల మట్టికట్ట. కాలువ మూలపడ్డాక చేతులు మారింది. ఒక యజమాని అడుగున నీళ్ళు వదిలే ఇనప గొట్టాలను వూడబీకి తుక్కు కింద అమ్ముకున్నాడు. 1879లో పిట్స్‌బర్గ్ కోటీశ్వరులు చేపల వేట, షికారుల క్లబ్బు పెట్టి ఆ చెరువు కొన్నారు. ఉక్కు కార్ఖానాల కార్నెగీ, బొగ్గు బట్టీల ఫ్రిక్ అందులో సభ్యులు. బండ్లు ఎదురెదురుగా పోవడానికి వీలుగా కట్ట పైభాగాన్ని చదును చేసి తగ్గించారు. కొనుక్కొచ్చి వదిలిన చేపలు వరదకు పోకుండా కలుజుకు ఇనప జల్లెళ్ళు బిగించారు. గొట్టాలు మళ్ళీ వేయించలేదు. అంటే చెరువు నిండితే ఖాళీ చేసే దారి లేదు, పొర్లే దారికి వల కట్టారు, పొర్లకుండా ఆపే ఎత్తు తగ్గించారు.

దిగువన 14 మైళ్ళలో జాన్స్‌టౌన్ పట్టణం, ఉక్కు కార్మికుల ఇళ్ళు. అక్కడి ఉక్కు కంపెనీ మేనేజరు మోరెల్ 1880లో ఫుల్టన్ అనే ఇంజనీరును పంపి కట్టను చూపించాడు. నీళ్ళు వదిలే గొట్టం లేదు, కట్ట కారుతోంది అని ఫుల్టన్ రాశాడు. చెప్పాలంటే ఆ కట్టకు వేసిన మార్కు అదే. మరమ్మతు ఖర్చులో మేమూ కొంత పెట్టుకుంటామని మోరెల్ అన్నాడు. మా కట్టవల్ల మీకేమీ ప్రమాదం లేదని క్లబ్బు జవాబిచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత, 1889 మే 31న, కట్ట తెగింది. 2209 మంది చనిపోయారు. క్లబ్బుమీద కేసులు వేసినా బాధితులకు కోర్టులో పైసా రాలేదు. దైవ ఘటన అన్నమాట అక్కడా వినబడింది.

తూముకు వల అన్నాం గదా. కొల్లేటి ప్రాంతంలో ఏ చేపల చెరువు తూము దగ్గరైనా వల వుంటుంది. చేప పోకూడదుగా! మామూలు రోజుల్లో అది న్యాయమే. తుపాను వానలో ఆ వలకు గుర్రపుడెక్క, తూటికాడ, చెత్త వచ్చి అడ్డంపడితే తూము మూసుకుపోయినట్టే. అప్పుడు నీళ్ళు గట్టు మీదుగా దారి చూసుకుంటాయి. మట్టిగట్టు మీదుగా నీళ్ళు పొర్లడం మొదలైతే చిన్న పాయ గంటలో గండి అవుతుంది. ఆ అర్ధరాత్రి మెడలోతు నీళ్ళలో దిగి వల కోసేది యజమాని కాదు, కూలీ. వల కోస్తే చేప పోయిందని జీతంలో కోత. కొయ్యకపోతే గట్టు పోయిందని కోత.

గట్టు కట్టిన తీరు చూడండి. వెనక చెరువు కట్ట వేస్తే మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసలతో కొట్టి ఎత్తేవారు. ఇప్పుడు పొక్లెయిన్ వచ్చి నల్లమట్టిని తవ్వి పక్కన కుప్ప పోస్తుంది, దాని చక్రాలే దిమ్మిస. కొల్లేటి నల్లరేగడి ఎండాకాలం బీటలు తీస్తుంది. ఆ బీటల్లోనే తొలకరి నీళ్ళు దిగుతాయి. ఎలుకలు, పీతలు బొరియలు తవ్వుతాయి. గట్టుమీద చెట్టు చచ్చిపోతే దాని వేరు కుళ్ళి గొట్టమవుతుంది. చేపలు పట్టడానికి చెరువును గబగబా తోడేస్తే, నీళ్ళు తాగివున్న లోపలి వాలు కిందికి జారుతుంది. ఇవి పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన సంగతులు కావు. కాపలా కూలీకి గట్టు ఎక్కడ దిగబడిందో, తూము పక్కన ఎక్కడ చెమ్మ కొట్టిందో ఇంజనీరుకన్నా ముందు తెలుస్తుంది. ఒక గుర్తు మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గట్టు వెలుపలి అడుగున వూరే నీరు తేటగా వుంటే కనిపెట్టి వుండాలి. అదే నీరు బురదగా మారితే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టే, బుంగ పడుతున్నట్టే. అప్పుడిక యజమాని ఫోనుకోసం ఎదురుచూడకుండా పక్క పొలాల్లోని మనుషులను లేపాలి.

అయితే చేపల గట్ల కష్టం తెగడంతోనే అయిపోదు. కొల్లేటిలో చాలాసార్లు తెగిన గట్టుకన్నా తెగని గట్టే ఎక్కువ ముంచింది. తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, బుడమేరు కొల్లేటికి నీళ్ళు తెస్తాయి. ఒక్క ఉప్పుటేరే వాటిని సముద్రానికి చేర్చాలి. నీళ్ళు పరుచుకునే చోటంతా గట్లు లేస్తే అవి వెనక్కి ఎక్కుతాయి. లంక గ్రామాల్లోకి, అంచు వూళ్ళ వరి చేలల్లోకి వస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు విజయవాడ ఎగువన ఎడమ గట్టున గండ్లు పడి నగరం మునిగింది. ఆ నీరే తర్వాత కొల్లేటి మీదికి వచ్చింది. ఏలూరు కైకలూరు రోడ్డు నీళ్ళ కింద పడింది. బుడమేరు మళ్ళింపు కాలువ గట్టూ ఆనకట్టల చట్టం లెక్కలో లేనిదే. కొల్లేటి చేపల గట్టూ లెక్కలో లేనిదే. ఈ రెండు లెక్కలేని గట్ల మధ్య మునిగిన మనిషికి లెక్క ఎక్కడ?

కొల్లేటి గట్లు ఎట్లా లేచాయో పాత పాఠకులకు గుర్తుండే వుంటుంది. 1970ల్లో ప్రభుత్వమే పేద జాలరులకు, బలహీన వర్గాలకు సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది. సంఘాల పేర్లు అలాగే వున్నాయి. చెరువులు లీజుల పేరుతో మోతుబరుల చేతుల్లోకి పోయాయి. 1999లో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని పేలుడు మందు పెట్టి మరీ గట్లు లేపేశారు. తర్వాత కాంటూరు మూడుకు తగ్గించాలన్న గొడవ, మళ్ళీ గట్లు, మళ్ళీ కోర్టులు. ఇన్నేళ్ళ రభసలో గట్టు వుండాలా వద్దా అన్నదే వాదన. వున్న గట్టు ఎంత భద్రం, దాని కింద ఎవరున్నారు అని ఒక్క కాగితంమీద రాసినవాళ్ళు లేరు. గట్లు లేపేసిన రోజున మొదట పని పోయింది కూలీకే. కాబట్టి గట్లన్నీ కొట్టేయండి అని మేము ఇక్కడ కూచుని తేలిగ్గా రాయబోవడం లేదు. అభయారణ్యం లోపలి అక్రమ గట్ల సంగతి కోర్టు చూసుకుంటుంది. దానికి బయట, దెందులూరు నుంచి ఉండి దాకా, పట్టా భూముల్లో లేచిన గట్ల సంగతి ఎవరు చూస్తారన్నది మా ప్రశ్న.

దీనికి కొత్త చట్టంకోసం ఢిల్లీ చూడనక్కరలేదు. రాష్ట్రంలో ఆక్వా సాగుకు లైసెన్సులిచ్చే ప్రాధికార సంస్థ 2020 చట్టంతోనే వుంది. లైసెన్సు కాగితంలో చెరువు విస్తీర్ణం రాసే చోటనే గట్టు ఎత్తు, నిలిచే నీరు, మిగులు నీరు పోయే దారి, గట్టు నుంచి దగ్గరి ఇల్లు ఎంత దూరం, ఆ ఇళ్ళు ఎన్ని అని రాయించవచ్చు. కింద ఇళ్ళున్న గట్టుకు ఒక రంగు, పొలమే వున్న గట్టుకు ఇంకో రంగు వేసి ఆ జాబితాను గ్రామ సచివాలయంలో తగిలించవచ్చు. వానకాలం ముందు ఇంజనీరింగ్ అసిస్టెంటు, ఆ గట్టుమీద పనిచేసే కూలీ కలిసి నడిచి చూసి సంతకాలు పెట్టవచ్చు. తుపాను హెచ్చరిక వచ్చిన నాడు తూము వలలు తియ్యాలని, తీసిన కూలీ జీతం కొయ్యరాదని లైసెన్సు షరతుల్లో రాయవచ్చు. పెద్ద ఆనకట్ట యజమాని ఆదేశాలు పాటించకపోతే ఏడాది జైలు, దానివల్ల ప్రాణాలు పోతే రెండేళ్ళు అని భద్రత చట్టంలో వుంది. చేపల గట్టు యజమానికి కనీసం లైసెన్సు పోతుందన్న భయమైనా వుండాలి.

ఇక్కడ ఒక చిక్కు వుంది. గట్టు కారుతోందని ఒక్క కాపలా కూలీ చెబితే మర్నాటికి అతని పాకలో వేరే కూలీ వుంటాడు. అందుకని ఆ మాట ఒక్కడి నోట రాకూడదు. ఏ గట్టు ఎక్కడ చెమ్మగిల్లిందో, ఏ తూము మూసుకుపోయిందో వ్యవసాయ కార్మిక సంఘం శాఖ తరఫున తేదీ వేసి రాసి, తహశీల్దారుకు ఒక కాపీ, మత్స్యశాఖకు ఒక కాపీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి. రేపు గండి పడితే దైవ ఘటన అనడానికి వీల్లేకుండా చేసేది ఆ రసీదే.